వాకిట్లో బోర్లించిన పడవ

మా ఆయన పోయిన రోజు పడవ వాకిట్లోనే ఉంది, రెండు డ్రమ్ముల మీద బోర్లించి. జనాజా పాడె పెట్టడానికి చోటు చాలక నలుగురు మనుషులు దాన్ని ఎత్తి గోడ వారకు జరిపారు. పన్నెండు అడుగుల పడవ. ఎత్తినవాళ్లలో ఎవరో "గింత బరువుందా" అనడం లోపలి గదిలోంచి విన్నాను. ఆ పూట మాట్లాడిన మాటల్లో నాకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే.

మా ధర్మంలో భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటి బయటికి పోదు. ఇద్దత్ అంటాం. నగలు ఉండవు, రంగు బట్టలు ఉండవు, పెళ్లిళ్లకు పోవడం ఉండదు. చూసేవాళ్లకు అది కఠినంగా కనిపించవచ్చు. నాకు మాత్రం దేవుడు ఇచ్చిన గడువులాగా తోచింది. బయటికి పోయి నలుగురికీ ముఖం చూపించే శక్తి ఆ రోజుల్లో నాకు లేదు. పోవద్దు అన్నందుకే దేవుడికి కృతజ్ఞతగా షుక్ర్ చెప్పుకున్నాను.

ఇల్లంటే రెండు గదులు, వంటిల్లు, వాకిలి. మాకు పిల్లలు లేరు. మొదటి వారం చుట్టాలు ఉన్నారు. తరువాత నేను, పడవ మిగిలాం.

ఆ పడవ ఎక్కడిదో చెప్పాలి. సముద్రం లేని బోధన్‌లో తెరచాప పడవ ఏమిటని చాలామంది అడిగేవారు. పెళ్లికి ముందు ఆయన ముంబై రేవులో తెరచాపలు కుట్టే షాపులో ఏడేళ్లు పనిచేశారు. తిరిగి వచ్చి ఇక్కడ తాడిపత్రి షాపు పెట్టుకున్నారు. లారీల మీద కప్పే పట్టాలు, పసుపు కుప్పల మీద కప్పేవి, పెళ్లిళ్లకు షామియానాలు. గుడ్డ కొలిచి కోయడం ఆయన పని, మిషన్ మీద కుట్టడం నా పని. నీళ్ల మీద బెంగ తీరక, ఒక వడ్రంగిని తోడు పెట్టుకుని ఆ పడవ చేసుకున్నారు. షామియానా గుంజనే తెరచాప కొయ్యగా నిలబెట్టారు.

శుక్రవారం షాపుకు సెలవు. జుమా నమాజ్ కాగానే పడవను ట్రాలీ ఆటో మీద కట్టుకుని, ఎడపల్లి దాటాక ఉన్న పెద్ద చెరువుకు పోయేవాళ్లం. చెరకు లోడుతో ఎదురొచ్చే ట్రాక్టర్లవాళ్లు మమ్మల్ని చూసి హారన్ కొట్టి నవ్వేవాళ్లు. ఆయన చెయ్యి ఊపేవారు. నేను కొంగు ముఖం మీదికి లాక్కునేదాన్ని, కానీ లోపల నవ్వేదాన్ని.

పడవలో ఆయన వెనక కూర్చుని చుక్కాని పట్టేవారు. నేను ముందు పలక మీద కూర్చుని తెరచాప తాడు పట్టేదాన్ని. వదులు అంటే వదలడం, గుంజు అంటే గుంజడం. పడవను మలిపే ముందు "ఝుకో!" అని కేక వేసేవారు, వంగు అని. నేను తల వంచగానే తెరచాప కింది అడ్డకర్ర నా మీదుగా అటునుంచి ఇటు ఊగిపోయేది. పందొమ్మిదేళ్లలో అది ఒక్కసారి కూడా నా తలకు తగల్లేదు. అందుకని అది ఎప్పుడు వస్తుందో చూసుకునే అవసరం నాకు ఎన్నడూ రాలేదు.

ఇద్దత్ మొదలై నెల కావస్తుండగా మా మరిది వచ్చాడు. పసుపు వ్యాపారం చేస్తాడు, మంచివాడు. ప్రతి సోమవారం సరుకులు తెచ్చి తలుపు దగ్గర పెట్టి, పరదా అవతలే నిలబడి మాట్లాడి పోయేవాడు. మా ఇళ్లలో మాట సగం ఉర్దూ, సగం తెలుగు.

"భాభీ, ఒక్క మాట. కోపం చెయ్యొద్దు."

"చెప్పు."

"ఎడపల్లి దిక్కు చేపలు పెంచేటాయన పడవ అడుగుతుండు. మోటరు పెట్టుకుంటడట. ఇద్దత్ అయినంక ఇచ్చేద్దామా?"

"ఎందుకియ్యాలె?"

"ఏం జేస్తరు మరి దాన్ని? అది ఇద్దరు నడిపే పడవ. ఒకలు చుక్కాని వట్టాలె, ఒకలు తాడు వట్టాలె. మీరేమో ఒక్కలు."

ఆ మాట అతను నొప్పించాలని అనలేదు. అయినా నొచ్చింది. పరదా ఇవతలి నుంచే అన్నాను:

"ఇద్దత్ కానీ. అయినంక నేనొక్కదాన్నే చెరువుల అవుతలి ఒడ్డు ముట్టుకొని తిరిగొస్త. నువ్వు ఇవుతలి ఒడ్డుమీద నిలబడి సూడు. రాలేకపోతే అదే రోజు పడవ తీస్కపో."

"గాలికి కొట్టుకపోతే?"

"అప్పుడు నన్ను అడిగే పనే ఉండదు గదా."

"తోబా, తోబా! గట్ల మాట్లాడకుండ్రి భాభీ." సరుకుల సంచి గడప లోపలికి జరిపాడు. "సరే. ఒక్కసారే సూస్త."

అది నాకు ఎందుకు కావాలో మరిదికి చెప్పలేదు. షాపులో ఆయన కూర్చున్న స్టూలు, ఇంట్లో మంచం, నమాజు చాప, అవన్నీ వచ్చినవాళ్లందరూ చూసి "పాపం" అని పోయేవే. ఆ చెరువు నడుమ మాత్రం మమ్మల్ని ఇద్దరినీ ఎవరూ చూడలేదు. అక్కడికి పోయే దారి ఒక్క ఆ పడవే.

మరునాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే పడవ దగ్గరికి పోయాను. మొదట పగుళ్లు చూశాను. వడ్రంగి నేర్పిన పద్ధతి నాకు గుర్తుంది. గుగ్గిలం పొడిని నూనెలో కాచి, పాత నూలుతో కలిపి, పలకల సందుల్లో కూరాలి. ఆ వాసన వీధంతా పోయింది. పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది. పసుపు పండించే ఇంటి ఆడబిడ్డ, నాకంటే చిన్నది, నన్ను ఆపా అంటుంది, అక్క అని. నోరు మాత్రం పెద్దది.

"ఏం ఆపా, ఏం వండుతున్నవ్? గా వాసనకు మా బర్రె పాలియ్యకుండ అయింది."

"పడవకు మందు."

"వాకిట్ల చెరువు లేదు, పాడు లేదు. పడవకు మందేంది?"

"నవ్వకు. గోడ దిగొచ్చి గీ నూలు వట్టు."

గోడ దిగి రాలేదు, గేటు తీసుకునే వచ్చింది. ఆ రోజునుంచి రోజూ ఒక గంట వచ్చేది. నా పనిని ఎగతాళి చేయని పూట లేదు, పని అందుకోని పూటా లేదు. దేవుడు నాకు పంపినవాళ్లలో ఆమె ఒకతె. ఆమె వెళ్లిపోయాక గేటు గడియ పడిన చప్పుడు విని, ఇక రేపటిదాకా ఇంతే అనుకునేదాన్ని.

పగుళ్లు పూడ్చాక ఇద్దరం కష్టపడి పడవను వెల్లకిలా తిప్పి, కింద ఇసుక సంచులు పెట్టి నిలబెట్టాం. ఆమె పోయాక నేను పడవ ఎక్కి, మొదటిసారి వెనక పలక మీద కూర్చున్నాను. ఆయన చోటులో. కింద నీళ్లు లేవు, సిమెంటు నేల. చుక్కాని పిడి చేతిలోకి తీసుకుని ముందుకు చూశాను.

ఇన్ని రోజులూ ఖాళీ అయింది ఆయన చోటే అనుకుంటున్నాను. అక్కడ కూర్చుని చూస్తే ఖాళీగా ఉన్నది నా చోటు. పందొమ్మిదేళ్లు ఆయన కళ్ల ఎదుట ఉన్నది నా వీపు, నా జడ అని అప్పుడు తట్టింది. సాయంత్రం అస్ర్ నమాజు వేళ దాకా దిగలేదు.

ఆ తరువాత చేసిన పనంతా ఇద్దరి పనిని ఒక మనిషి చేతులకు అందేలా తేవడమే. తెరచాప ఎత్తే తాడు కొయ్య దగ్గర ముడి వేసి ఉండేది. కొయ్య మొదట్లో షామియానా కప్పీ ఒకటి బిగించి, దాని గుండా తాడును వెనక పలక దాకా తెచ్చాను. గాలి ఎక్కువైతే కూర్చున్న చోటునుంచే ముడి లాగి తెరచాప దింపేయవచ్చు. నేను పట్టే తాడును కూడా ఇంకో కప్పీ గుండా వెనక్కి తిప్పాను. చుక్కాని పిడికి ఒక సన్నని వెదురు కర్రను సైకిల్ ట్యూబు ముక్కతో అతికాను. అది ఎటైనా వంగుతుంది కాబట్టి పడవ ఒక పక్కకు ఒరిగితే నేను రెండో పక్క అంచు మీదికి జరిగినా చుక్కాని నా చేతిలోనే ఉంటుంది. రెండు చేతులూ కావలసి వచ్చినప్పుడు పిడిని కదలకుండా ఆపడానికి ట్యూబుతోనే ఒక ఉచ్చు. పలకల కింద ఖాళీ నూనె క్యాన్లు మూతలు బిగించి కట్టాను, పడవ బోల్తాపడినా మునగకుండా.

ఇదంతా నీళ్లు చూడకుండా చేశాను. ఏ తాడు ఎంత లాగితే ఏమవుతుందో గుర్తు తెచ్చుకోవడమే నాకున్న పరీక్ష. కొన్నిసార్లు తాడు పట్టుకుని కళ్లు మూసుకుంటే వెనక ఆయన గొంతు వినిపించేది. కళ్లు తెరిస్తే వెనక గోడ.

తెరచాప మిగిలింది. పాతదాన్ని మాఘంలో మరిది మార్కెట్ యార్డుకు తీసుకుపోయాడు. అకాల వాన పడుతుంటే పసుపు కుప్ప మీద కప్పడానికి ఆయనే ఇచ్చారు. అది ఇంకా తిరిగి రాలేదు. పాతది ఎలాగూ పీలికలవుతున్నది, కొత్తది కుడదామనుకున్నాను. ఆయన కొలతల పుస్తకం తీశాను. నేను బడికి పోలేదు. మా అబ్బా, అంటే నాన్న, చక్కెర కార్ఖానాలో కాటా దగ్గర గుమాస్తా. చెరకు బండ్లు తూచిన పాత చీటీలు ఇంటికి తెచ్చి, వాటి వెనక తెల్లగా ఉన్న వైపు నాకు తెలుగు, ఉర్దూ దిద్దించారు. ఆ చీటీల పుణ్యాన మా ఆయన గొలుసు రాత చదవగలిగాను. తెరచాప నిలువు ఏడు మూరలు, అడుగు అంచు నాలుగున్నర మూరలు.

టేపు పనికిరాదు, ఆయన అన్నీ మూరల్లోనే రాసుకునేవారు. వాకిట్లో గుడ్డ పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, మోచేయి ఆనించి కొలిచాను. ఏడు. నాలుగున్నర. పక్కింటామె కొస పట్టుకుంది. కోసి, మూడు రోజులు కుట్టాను. అంచులకు రెండు పొరలు, మూలలకు ఇత్తడి కళ్లు. ఇద్దత్ ముగియడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. మంచి పని ముగించాననుకుని షుక్రానా నమాజు చేసుకున్నాను.

ఆ సోమవారం మరిది పాత తెరచాప తెచ్చి తలుపు దగ్గర పెట్టాడు. సగం పచ్చగా మారి, పసుపు వాసన వేస్తున్నది. కొత్తదాని మీద దాన్ని పరిచాను. నిలువునా, అడుగునా, కొత్తది అన్ని వైపులా లోపలే ఉండిపోయింది. నిలువు ఒక మూర దగ్గర దగ్గర తక్కువ.

నాకు మొదట అర్థం కాలేదు. పక్కింటామెకు వెంటనే అయింది.

"ఎవల మూరతోని కొలిచినవ్ ఆపా?"

"నా మూరతోనే."

"రాసింది ఆయన గదా?" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మొగోని మూర, ఆడిదాని మూర ఒక్కటైతదా? మా ఆయన మూరతోని కొలిపిస్తే నా రైకల ఇంకొకామె పడ్తది."

నవ్వాను. ఆమె పోయాక పాత తెరచాప అంచు పొడవునా చెయ్యి ఆనిస్తూ లెక్క కట్టాను. ఆయన మూర నా మూర కంటే మూడు వేళ్లు పొడవు. పందొమ్మిదేళ్లు కోత ఆయనది, కుట్టు నాది. ఆ చేతి కొలత నాకు తెలియాల్సిన అవసరమే పడలేదు. తెలిసేసరికి కొలవడానికి చెయ్యి లేదు. అంతకు ముందు ఏడ్చినదంతా ఒక ఎత్తు, ఆ సాయంత్రం ఏడ్చింది ఒక ఎత్తు.

పీలికలైన పాతది గాలికి ఆగదు, మళ్లీ కోయడానికి గుడ్డ లేదు, రోజులూ లేవు. ఉన్నదాంతోనే పోదామనుకున్నాను.

ఇద్దత్ ముగిసిన తరువాత వచ్చిన శుక్రవారం ముసురు పట్టి ఉంది. మరిది మంచినీళ్ల క్యాన్లు వేసే ట్రాలీ ఆటోను మాట్లాడుకొచ్చాడు. పడవ మీద కట్టాక కూడా ఖాళీ క్యాన్లు కొన్ని వెనక గలగలలాడుతూనే ఉన్నాయి. తనతో గాలి కొట్టిన లారీ ట్యూబు ఒకటి తెచ్చాడు, నా కోసం. పక్కింటామె ఆటో ముందు సీటు ఎక్కి కూర్చుంది. నాలుగు నెలల తరువాత వీధి చూశాను. అంతా ఉన్నట్టే ఉంది. అదే కొంచెం కష్టమనిపించింది.

చెరువు నిండుగా ఉంది. బిస్మిల్లా అనుకుని పడవను తోసి వెనక పలక ఎక్కాను. తెరచాప లేచింది. పడవ కదిలింది. కదిలాక తెలిసింది, ముక్కు పైకి లేచిపోయింది. నా బరువంతా వెనకే, ముందు ఎవరూ లేరు. గాలి ఆ లేచిన ముక్కును పట్టి ఎటుపడితే అటు నెట్టసాగింది. చుక్కాని తిప్పితే పడవ వినలేదు. ఇంకొంచెం గట్టిగా తిప్పాను. ఒక్కసారిగా మళ్లింది, అడ్డకర్ర వచ్చి నా కణతకు తగిలింది.

కళ్లు బైర్లు కమ్మాయి. నొప్పి కంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఎవరూ చెప్పలేదేమిటి అని.

ముడి లాగితే తెరచాప దిగింది. తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చేశాను. కణత వాచింది. మరిది ముఖం తెల్లబోయింది.

"చాలు భాభీ. మీరు జేసింది చాలు. అన్న సూస్తె నన్ను ఏమంటడు?"

"జర ఆగన్నా," అంది పక్కింటామె. "ఆమె ఇంక ఓడలే. ఏం ఆపా?"

నేను పడవ ముందు పలక వైపు చూస్తున్నాను. నా చోటు. పందొమ్మిదేళ్లు అక్కడ కూర్చుని తాడు పట్టడమొక్కటే నా పని అనుకున్నాను. ఊరికే కూర్చోవడం కూడా పడవకు ఒక పనే అని నాకు తెలియదు.

"గా ఖాళీ క్యాన్లు రెండు ఇయ్యమను," అన్నాను.

ఆటో అతను ఇచ్చాడు. చెరువు నీళ్లతోనే నింపి, మూతలు బిగించి, ముందు పలకకు రెండు పక్కలా షామియానా తాడుతో కట్టాం. పడవ ముక్కు నిదానంగా దిగింది, ఎవరో వచ్చి కూర్చున్నట్టు.

రెండోసారి పోయినప్పుడు పడవ మాట వింది. ఒడ్డు దాటగానే ముసురు గాలి ఒక విసురు విసిరింది. ఆయన కొలతతో కుట్టిన పాత తెరచాప అయితే ఆ గాలికి పడవ ఒరిగిపోయేది, అంచు మీద ఇద్దరం వెనక్కి వాలితే గాని నిలిచేది కాదు. నా మూర తెరచాప అంత గాలి పట్టలేదు. నేనొక్కదాన్ని వాలితే సరిపోయింది.

చెరువు నడుమకు వచ్చేసరికి గాలి చచ్చిపోయింది. ఇప్పుడు ఆ చిన్న తెరచాపే లోపమైంది, ఉన్న కొద్దిపాటి గాలి దానికి చాల్లేదు. పడవ నిలిచిపోయింది. మేమిద్దరం ఉన్నప్పుడు ఇలా నిలిచిపోతే ఆయన తంబాకు డబ్బీ తీసేవారు, ముంబై కథ ఏదో మొదలుపెట్టేవారు. ఇప్పుడు కొయ్యకు తాడు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక్కడికే కదా రావాలనుకున్నాను, నాలుగు నెలలు. ఇక్కడ ఆయన ఉంటారేమో అనుకున్నానేమో. లేరు. నీళ్లు ఉన్నాయి, రెండు క్యాన్లు ఉన్నాయి, నేను ఉన్నాను. దేవుడి పేరు తలుచుకుంటూ వేళ్ల మీద తస్బీ చదువుకుంటూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఎంతసేపో తెలియదు.

మెడ వెనక చల్లగా తగిలింది. గాలి. అవతలి ఒడ్డు దగ్గరికి వచ్చింది. తుంగలో నిలబడిన బర్రె ఒకటి నన్ను తేరిపార చూసింది. చెయ్యి చాపి ఒడ్డు బురద ముట్టుకున్నాను.

ఇక మలపాలి. చుక్కాని తిప్పబోయి ఆగాను. కణత సలుపుతున్నది. గట్టిగా, బర్రె ఉలిక్కిపడేంత గట్టిగా కేక వేశాను: "ఝుకో!"

వేసి, నేనే వంగాను. అడ్డకర్ర నా తల మీదుగా మెత్తగా వెళ్లిపోయింది.

తిరుగు దారిలో గాలి ఎదురు. మళ్లీ మళ్లీ మలుపుకుంటూ రావాల్సి వచ్చింది. మలిపిన ప్రతిసారీ కేక వేశాను, ప్రతిసారీ వంగాను. ఒడ్డు చేరేసరికి గొంతు బొంగురుపోయింది. మరిది మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి వచ్చి పడవ ముక్కు పట్టుకున్నాడు. పాంటు మడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"భాభీ, నీళ్లల్ల నుంచి మీ గొంతు ఇనవడ్డది. ఎవలినో పిలుస్తున్నరు. ఎవలిని?"

"ముందు కూసున్నామెను."

మరిది ముందు పలక వైపు చూశాడు, క్యాన్ల వైపు చూశాడు. పడవను ఒడ్డు మీదికి లాగుతూ, నాతో కాకుండా పడవతో చెబుతున్నట్టు అన్నాడు:

"చేపలాయనను ఇంకో పడవ సూసుకోమంట."

పక్కింటామె లారీ ట్యూబు మీద కూర్చుని మరమరాలు తింటున్నది. "నాకు తెల్సు," అంది, నోట్లోవి నములుతూనే. "గందుకే ట్యూబు ఖాళీగున్నదని నేను కూసున్న."

ఆటో అతను క్యాన్లు అడిగాడు. తాడు విప్పి, ఒక్కొక్కటే వంచి నీళ్లు చెరువులోకి పోశాను. రెండోది పోస్తుంటే కొంచెం నిదానించాను. పడవ ముక్కు మళ్లీ తేలిపోతుందని తెలుసు. వచ్చే శుక్రవారం నా సొంత క్యాన్లు రెండు తెచ్చుకోవాలి అనుకున్నాను. పొద్దు గూకాక చేసే మగ్రిబ్ నమాజుకు ఇంకా వేళ ఉంది. వజూ చేసుకోవడానికి ఆ నీళ్లలోనే చేతులు ముంచాను.